ఆనకట్ట వెనక అలలు

మొన్న మా హాలుకీ వంటింటికీ మధ్య ఆర్చి పెట్టడానికి వచ్చిన వడ్రంగి, పల్చటి ప్లైవుడ్ ముక్కొకదాన్ని తడి గోనెసంచిలో చుట్టి, వరండా గోడకు ఆనించి భోజనానికి వెళ్ళాడు. పొడిగా వంచితే ప్లై పగులుతుంది. నానబెట్టి, నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు వంచాలి. ఈ సంగతి నాకు కొత్తేమీ కాదు, సగం జీవితం సెంట్రింగ్ పనిలోనే గడిపినవాణ్ణి. అయినా ఆ గోనెసంచి దగ్గరికి వెళ్ళి, వంగి వాసన చూశాను. తడిసిన చెక్క, జిగురు, జనుము కలిసిన వాసన. అది తగలగానే సౌదీలో జిజాన్ వైపు కొండల కింద ఒక ఆనకట్ట, దాని వెనక నిలిచిన పెద్ద మంచినీటి సరస్సు, గాలికి దాని మీద లేచే మట్టిరంగు అలలు గుర్తొచ్చాయి. ఆ అలల మీద పలక వేసుకుని బోర్లా పడుకుని వచ్చే మా బావ కళ్ళ ముందు మెదిలాడు. మా ఆవిడ చూసి, నేనేదో పోగొట్టుకుని వెతుకుతున్నాననుకుంది. కాదని చెప్పలేకపోయాను.

బావ అంటే మా అక్క భర్త. ఆయనది గోదావరి ఒడ్డున ఊరు. నడక వచ్చాక ఈత నేర్చుకున్నాడో, ఈత వచ్చాక నడక నేర్చుకున్నాడో వాళ్ళమ్మకే సరిగ్గా గుర్తులేదని మా అక్క నవ్వేది. మాది మెట్ట ఊరు. బావిలోకి తొంగి చూస్తేనే మా అమ్మ చెవి మెలిపెట్టేది. తోటివాళ్ళు నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే నేను గట్టు మీద వాళ్ళ చొక్కాలకు కాపలా ఉండేవాణ్ణి. నీళ్ళంటే భయమని ఒప్పుకోవడానికి నామోషీ. అందుకే ఈత పనిలేనివాళ్ళ యావ అని తేల్చి చెప్పేవాణ్ణి. చేతకానిదాన్ని చులకన చేయడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న గుణం.

సౌదీకి ముందు వెళ్ళింది నేను. తర్వాత బావకు వీసా తెప్పించాను. పనిలో ఆయన నాకంటే ఎన్నో రెట్లు మేలు. కానీ నాకు ఉర్దూ బాగా వచ్చు, అరబ్బీ కొంచెం వచ్చు, గొంతు పెద్దది. ఈ మూడూ ఉంటే చాలు, కంపెనీ ఫోర్‌మన్‌ని చేసేస్తుంది. ఊళ్ళో అయితే బావ వస్తే నేను మంచం మీంచి లేచి నిలబడాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి. సైటులో ఆయన నా కింద పనివాడు. ఈ తలకిందుల వ్యవహారాన్ని ఎలా మోయాలో తెలిసినవాణ్ణి కాదు. తనవాళ్ళని చూసుకుంటున్నాడని ఎవరూ అనకూడదని, అందరి ముందూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ణి. పేరు చివర 'రా' కూడా తగిలించేవాణ్ణి. రూముకొచ్చాక మళ్ళీ బావా అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరుకున్నాడు కాబట్టి బాధ లేదనుకున్నాను.

కువైట్‌లో గొడవ మొదలయ్యాక, దమ్మామ్ దగ్గర మేం చేస్తున్న పని ఆగిపోయింది. యెమెన్ మనుషులు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవడంతో దక్షిణాన పనివాళ్ళు కరువయ్యారట. మమ్మల్ని బస్సుల్లో కుక్కి జిజాన్ వైపు పంపారు. అక్కడ కొండ కింది పల్లెలకు గుండ్రటి నీళ్ళ ట్యాంకులు కట్టే పని. బస్సు దిగగానే మా వాళ్ళందరూ ఆశ్చర్యపోయి నిలబడ్డారు. ఎదురుగా జొన్నచేను. అచ్చం మన జొన్నే, మన కంకే. సౌదీ అంటే ఇసుక అనుకుని ఇన్నేళ్ళు గడిపిన మాకు, ఆ చేను దాటాక ఆనకట్ట, దాని వెనక అవతలి ఒడ్డు మసగ్గా కనిపించేంత నీళ్ళు. ఒకరిద్దరు వంగి నీళ్ళు పుక్కిలించి, తియ్యగా ఉన్నాయని ప్రకటించారు. బావ మాత్రం చెప్పులు విప్పి, మోకాళ్ళ దాకా దిగి, అలాగే నిలబడిపోయాడు. బస్సు డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు.

శుక్రవారం సెలవు. మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుని, మాంసం వండుకుని పడుకునేవాళ్ళు. బావ సరస్సుకు వెళ్ళేవాడు. నేనూ వెళ్ళేవాణ్ణి కానీ ఒడ్డున తుమ్మచెట్టు కింద నీళ్ళకు వీపు పెట్టి కూర్చుని, రేడియోలో హిందీ వార్తలు వినేవాణ్ణి. ఎక్కడ క్షిపణి పడిందో, ఎవరు ఏమన్నారో అన్నీ నాకు కావాలి. మేమున్న చోటికి యుద్ధం రాలేదు. వచ్చినా నేను రేడియో వినడం వల్ల ఆగేది కాదు. బావ మొదట్లో వట్టి ఈతే కొట్టేవాడు. తర్వాత ఒక చెక్క ముక్క పొట్ట కింద పెట్టుకుని అలలతో పాటు ఒడ్డుకు జారిరావడం మొదలుపెట్టాడు. మా క్యాంపులో ఫిలిప్పీన్ ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. వాళ్ళ దీవిలో అందరూ సముద్రపు అలల మీద పలకలేసుకుని ఆడతారట. పలక ముందు కొస పైకి లేచి ఉండాలని, లేకపోతే అలలోకి ముక్కు గుచ్చుకుని మనిషి పల్టీ కొడతాడని చేతులతో చూపించి చెప్పాడు. అంతే, బావకు దారి దొరికింది. గుండ్రటి ట్యాంకుకు సెంట్రింగ్ కోసం మేం రోజూ చేసే పని అదే కదా. పల్చటి ప్లైని డ్రమ్ములో నానబెట్టి, వంపు తిరిగిన చెక్క రీపర్లకు బైండింగ్ వైరుతో కట్టి నీడన ఆరబెట్టడం. కోతలో మిగిలిన ముక్కొకటి తీసుకుని ఆయన అలాగే నానబెట్టాడు.

యుద్ధం జోరుగా ఉన్న రోజులవి. ఈజిప్టు ఇంజినీరు, మేం ముహందిస్ అనేవాళ్ళం, ఒక పొద్దున ట్యాంకు చూడటానికి వచ్చాడు. ఆయన పక్కన నేను. డ్రమ్ము దగ్గర రీపర్లకు కట్టి ఉన్న ఆ ముక్క ఆయన కంట పడింది. ఇదెక్కడిది అని అడిగాడు. కోపంగా ఏమీ అడగలేదు, ఊరికే అడిగాడు. నేను గుమ్మటంలా ఉబ్బిపోయి, బావ వైపు తిరిగి, పనివాళ్ళందరూ వింటుండగా అన్నాను.

"కంపెనీ మాల్ రా ఇది. మీ అయ్య సొమ్మనుకున్నవా?"

ఆ అయ్య నాకు మామ వరస. అక్క పెళ్ళిలో నా చేత తాంబూలం అందుకున్న పెద్దమనిషి. మాట నోరు దాటాక అది గుర్తొచ్చింది. సుత్తుల చప్పుడు ఆగిపోయింది. బావ వైరు విప్పి, ముక్కను తీసి, మిగతా ముక్కల్లో పెట్టి, మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. ఆ సాయంత్రం రూములో నేను బావా అంటే, "చెప్పుండ్రి, ఫోర్‌మన్ సాబ్" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. అప్పటిదాకా నన్ను బామ్మర్దీ అని, నువ్వని పిలిచిన మనిషి, ఆ రోజు నుంచి మీరు అనడం మొదలుపెట్టాడు. కూర గిన్నె నా వైపు జరుపుతూ, "తినుండ్రి" అనేవాడు. తిట్టినా బాగుండేది. నాలుగు గోడల మధ్య ఒకే పొయ్యి మీద వండుకు తింటూ నేను పరాయివాణ్ణయిపోయాను. మళ్ళీ ఆయన నోట బామ్మర్దీ అన్న మాట వినాలని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. కానీ క్షమించమని అడగలేదు. ఫోర్‌మన్ అడుగుతాడా?

విచిత్రం ఏమిటంటే, కొన్నాళ్ళకు ముహందిసే నన్ను పిలిచి, ఆ పలక ఏమైందని ఆరా తీశాడు. ఆయన తన పిల్లలతో సరస్సుకు వెళ్ళినప్పుడు ఆ ఫిలిప్పీన్ అతను అంతా చెప్పాడట. మిగిలిన ముక్కలు ఎలాగూ పొయ్యిలోకే పోతాయి, చేసుకోనీ, మా పిల్లలకూ ఒకటి చేయమను అన్నాడు. ఆ కబురు బావకు నేనే చెప్పాల్సి వచ్చింది. "సరే, ఫోర్‌మన్ సాబ్" అన్నాడు. మూడు నాలుగు పలకలు చేశాడు. అంచులకు రంగు పూసి, నీళ్ళు పీల్చకుండా చేసి, ముందు కొస నాగుపాము పడగలా లేపి. యుద్ధం ముగిసిందని రేడియో చెప్పింది. మా రూములో ముగియలేదు.

అప్పట్లో ఇంటికి ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. ఎవరైనా సెలవు మీద వెళ్ళొస్తే ఇంటివాళ్ళ మాటలు రికార్డు చేయించి తెచ్చేవాళ్ళు. టేపు రికార్డరు ఒక్కటే కాబట్టి ఒకరి క్యాసెట్టు క్యాంపంతా వినేది. ఎవరి కోడలు ఎవరిని తిట్టిందో, ఎవరి గేదె ఈనిందో అందరికీ తెలుసు. అక్క క్యాసెట్టు వచ్చింది. వెనక కోళ్ళ అరుపులు, మధ్యలో అక్క గొంతు. యుద్ధానికి బెదిరి అన్నం తినలేదని, ఇప్పుడు తింటున్నానని చెప్పి, చివర నాకు ఒక మాట చెప్పింది.

"తమ్మీ, మీ బావ నీ దగ్గర్నే ఉన్నడని నాకు ధైర్యంరా. ఆయన నోరు తెరిచి అడగడు. నువ్వే అర్సుకోవాలె."

రూములో అందరూ నా వైపు చూశారు. బావ ఒక్కడే చూడలేదు. లేచి వెళ్ళి, పొయ్యి మీద చాయ్ పొంగకపోయినా మంట తగ్గించాడు.

ఆ పై శుక్రవారం నేను రేడియో తీసుకెళ్ళలేదు. ఎండాకాలం. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి దుమ్ముగాలి లేస్తుంది అక్కడ. కొండలు మాయమవుతాయి, పళ్ళ కింద ఇసుక కరకరలాడుతుంది, సరస్సు నీళ్ళు వరసలు వరసలుగా లేచి, లోతు తక్కువున్న ఒడ్డున విరుగుతాయి. అలలకు అదే అదను. మావాళ్ళు చాలామంది ఒడ్డున ఉన్నారు. నేను లుంగీ ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగి, బావ దగ్గరికి వెళ్ళి, నేనూ పడుకుంటానన్నాను. ఆయన నా మొహం కాసేపు చూశాడు. "పడుకోండ్రి" అని పలక పట్టుకున్నాడు. పొట్ట ఎక్కడ ఆనాలో, గడ్డం ఎక్కడ ఉంచాలో చెప్పాడు, అన్నీ మీరు మీరు అంటూనే. వెనక నుంచి అల వచ్చిన చప్పుడు విన్నాను. ఆయన పలకను తోసి వదిలేశాడు.

ఆ తర్వాతి క్షణాల్ని నేను ఎన్నోసార్లు మళ్ళీ చూసుకున్నాను. పొట్ట కింద నీళ్ళు బతికున్న జంతువులా లేచాయి. బరువంతా ఎవరో తీసేసుకున్నట్టయింది. ఒడ్డు నా వైపు పరిగెత్తుకొచ్చింది. చిన్నప్పుడు చొక్కాలకు కాపలా కూర్చున్న పిల్లవాడు నోరు తెరిచి నవ్వాడు. అంతలో నేను సంబరంగా తల ఎత్తాను. పలక పొట్ట కింద నుంచి జారిపోయింది. నోట్లో, ముక్కులో మట్టినీళ్ళు. పైకేదో కిందికేదో తెలియదు. చచ్చిపోతున్నాననుకున్నాను. క్యాంపంతా వింటుండగా, ఉన్న గొంతంతా పెట్టి "బావా! బావా!" అని అరిచాను.

చొక్కా కాలరు పట్టుకుని లేపింది ఆయనే. నేను రెండు చేతులతో మెడ కరుచుకున్నాను. ఆయన ఊగిపోతున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"జెర కాళ్ళు కింద పెట్టు బామ్మర్దీ. మొలలోతు లేవు నీళ్ళు."

కాళ్ళు పెట్టాను. నిలబడ్డాను. నీళ్ళు నా తొడల దగ్గరున్నాయి. ఒడ్డున వాళ్ళంతా పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. నేనూ నవ్వాను, దగ్గాను, ఇంకేదో కూడా చేశాను, మొహమంతా తడిగా ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అయితే భయంలో పిలిచిన పిలుపు లెక్కలోకి రాదని నాకు తెలుసు. నీళ్ళు అనిపించిన మాట అది, నేను అన్నది కాదు. మర్నాడు పొద్దున సైటులో ముహందిస్ నా పక్కనే ఉన్నాడు. ట్యాంకు పైవరసకు పలకలు బిగిస్తున్నారు. నిన్నటి నీళ్ళకంటే ఆ పొడినేల నాకు లోతుగా అనిపించింది. "బావా, ఆ పలక జెర ఇటు అందియ్యవా" అన్నాను. ముహందిస్ బావా అంటే ఏమిటని అడిగాడు. మా అక్క భర్త అని చెప్పాను. ఆయన నన్నూ, నిచ్చెన మీది బావనూ మార్చి మార్చి చూసి, ఇన్ని నెలలు ఒక్కసారైనా చెప్పలేదేం అన్నాడు. బావ పలక అందిస్తూ, "గట్టిగ పట్టుకో, మళ్ళ మునుగుతవ్" అన్నాడు. అప్పటి నుంచి సైటులో ఆయన పేరే బావ అయిపోయింది. పెషావర్ మేస్త్రీలు కూడా బావా సాబ్ అని పిలిచేవాళ్ళు. అంతమంది బామ్మర్దులు ఏ అల్లుడికీ ఉండి ఉండరు.

ఆ ఎండాకాలం చివరిదాకా, ఆ తర్వాతి ఎండాకాలం సగం దాకా మేమిద్దరం పక్కపక్కన పలకలేసుకుని అలల కోసం ఎదురుచూశాం. నాకు ఈత పూర్తిగా రాలేదు. బావ మోకాళ్ళ మీద లేచి, ఒకటి రెండుసార్లు నిలబడి కూడా వచ్చాడు, చేతులు రెక్కల్లా చాపి, లుంగీ ఎగురుతుంటే. ఎదురుచూసేటప్పుడు ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. దుమ్ములో కొండలు కనబడేవి కావు. ఇది ఏ దేశమో, మేమెవరి పనివాళ్ళమో గుర్తుకొచ్చేది కాదు. తర్వాత ఆయన ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోయాడు. నన్ను ఉనైజా వైపు పంపారు. అక్కడ ఖర్జూర తోటలు తప్ప అల అన్నది లేదు. సెలవుల్లో కలిసినప్పుడు పెళ్ళిళ్ళలో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. ఒకసారి గోదావరికి పోదాం పా అనేవాడు. పోదాం బావా అనేవాణ్ణి. ఎవరో పిలిచేవారు, లేచి వెళ్ళేవాళ్ళం. ఆయన పోయి రెండు వానాకాలాలు గడిచాయి.

ఆ మొదటి చలికాలమంతా నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆయన అప్పుడు నా వెనకే, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాడు. శుక్రవారాలు వారం వారం వస్తూనే ఉండేవి, అందుకేనేమో, అవి అయిపోతాయని ఎన్నడూ తోచలేదు.