జెండా మీది తొమ్మిది గెలుపులు

మంగళవారం పొద్దున మా ఆయన పని దగ్గర నుంచి ఫోన్ చేసి, "పెద్దబాపు పోయిండే" అన్నాడు. నేను స్టవ్ ఆపేసి గోడకు ఆనుకున్నాను. గుండె నొప్పితో ఆస్పత్రిలో చేరి నాలుగు రోజులే అయింది. శవాన్ని జగిత్యాలకు పంపే కాగితాలు ఇంకా పూర్తి కాలేదట.

మాకు ఆయనతో చుట్టరికం లేదు. సౌదీలోని అల్ ఖోబర్‌లో మేముండే సందు చివర దర్జీ పని చేసేవాడు. మా జిల్లా మనిషి కాబట్టి నేను పెద్దబాపు అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు. నేను ఐదు వరకే చదివాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. చేతికుట్టు వచ్చని తెలిసి ఆయన పని పంపేవాడు. సంచి తలుపు గొళ్లేనికి తగిలించి, రెండుసార్లు తట్టి, నేను తలుపు తీసేలోపే మెట్లు దిగిపోయేవాడు. నా బెరుకు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఎక్కువగా కంపెనీల ఫుట్‌బాల్ జట్ల బనియన్లు వచ్చేవి. నంబర్లు మిషన్ మీద ఆయనే వేసేవాడు. పేర్లు మాత్రం నాకు పంపేవాడు. "పేరును మిషన్ కుట్టద్దు బిడ్డా, మనిషి కుట్టాలె" అనేవాడు. సూదిలోకి ఎక్కని దారాన్ని "రావే నా తల్లి" అని బతిమాలేవాడట. అది మా ఆయన చూసి వచ్చి నవ్వుతూ చెప్పాడు.

పోయిన ఏడు ఒక జెండా వచ్చింది. జుబైల్ పట్నంలో చాలా ఏళ్లు పనిచేసిన రొమేనియా ఇంజినీరు ఒకాయన ఇక్కడి నుంచి శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు. వాళ్ల ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఎప్పుడెప్పుడు గెలిచిందో ఆ ఏళ్లన్నీ జెండా మీద కావాలన్నాడు. తొమ్మిది గెలుపులు. ఆ క్లబ్బు అప్పులతో మూతపడిందట. అదే ఊళ్లో వేరే పేరుతో కొత్తది పెట్టారట. పాత గెలుపులు కొత్తదాని లెక్కలోకి రావని కొందరు, వస్తాయని కొందరు అక్కడ ఏళ్ల తరబడి కొట్లాడుకుంటున్నారట. "ఎవ్వరియి గాకుండ పోయినై పాపం. ఆయన ఈ జెండాను ఆ ఊరి మైదానంల కడ్తడట" అని పెద్దబాపు ఫోన్‌లో చెప్పాడు.

కాగితం మీద ఒక్కో గెలుపుకు రెండేసి ఏళ్లు రాసి, మధ్యలో చిన్న గీత ఉంది. "జాగ సాలది, ఒక్క ఏడే కుట్టు" అన్నాడు పెద్దబాపు. ముందున్నదే అసలుదనుకుని నేను తొమ్మిదీ కుట్టేశాను.

శుక్రవారం సాయంత్రం ఇంజినీరు విమానం. ఆ పొద్దున మా ఆయన టీ తాగుతూ జెండా, కాగితం పక్కపక్కన చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇదేందే? ఆట ఒక ఏడు మొదలువెట్టి ఇంకో ఏడు ముగిస్తరు. కప్పు ఎత్తిన ఏడు రాయాలె. నువ్వు అన్నీ ముందటియే కుట్టినవ్."

తొమ్మిదిలో ఒక్కటి కూడా సరిగా లేదు.

"సప్పుడు చేయకు. ఎవడు సూస్తడు?" అన్నాడు. కానీ నాకు ఆ మైదానమే కళ్ల ముందు కనబడింది. ఆ గెలుపులు మీవి కావనే వాళ్లు జెండా వైపు వేలు చూపించి, సొంత ఏళ్లు కూడా మీకు తెలియవా అని నవ్వుతారు.

"నేన్ పోయి చెప్తా" అన్నాను.

"మొగని ముందట మాట రాదు, పెద్దబాపు ముందట మాట్లాడుతవా?"

నేను జెండా సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను. ఈ దేశం వచ్చాక ఒక్కదాన్నే సందులోకి రావడం అదే మొదలు. శుక్రవారం సెలవు కదా, పెద్దబాపు కొట్టు షట్టర్ మూసి ఉంది. మూడుసార్లు తడితే, వెనక గదిలో పడుకున్న పెద్దబాపు లేచి వచ్చి షట్టర్ సగం ఎత్తాడు.

"ఏమైంది బిడ్డా? వాడు కొట్టిండా?"

తల అడ్డంగా ఊపి జెండా చూపించాను. "ఏండ్లు తప్పినై" అని మాత్రం అనగలిగాను.

అద్దాలు పెట్టుకుని కాగితం చూశాడు.

"ముందటిది కుట్టుమని నేన్ చెప్పిన్నా?"

"లేదు."

"ఎనకటిది కుట్టుమని చెప్పిన్నా?"

"లేదు."

"అయితె సగం తప్పు నాది. కూసో. ఎనిమిదింటికి ఆఖరి అంకె ఒక్కటే మారాలె, తొమ్మిదితోని ముగిసిన ఒక్కదానికి రెండు."

ఆయన బ్లేడుతో విప్పుతుంటే నేను కుట్టాను. విప్పినచోట సూది రంధ్రాలు కనబడుతుంటే వెనక నుంచి గోటితో రుద్ది, ఇస్త్రీ ఆవిరి పట్టేవాడు. నేను మాటిమాటికీ గోడ వైపు చూస్తుంటే, "గడియారం మొఖం సూడకు, సూది మొఖం సూడు" అన్నాడు. మధ్యాహ్నం దాటి, మసీదులో అసర్ నమాజుకు అజాన్ అయింది. ఇంకా రెండు మిగిలి ఉండగానే ఇంజినీరు వచ్చేశాడు. బయట కారు ఇంజన్ ఆపకుండానే ఉంచారు.

తెల్లజుట్టు, ఎత్తు మనిషి. విప్పిన దారాలు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అడిగాడు. నేను తల ఎత్తలేదు. మా పెద్దబాపు ఏదో ఒక సాకు చెప్తాడనుకున్నాను. ఆయన నా వైపు చెయ్యి చూపి నిదానంగా, ఇంజినీరు ఇక్కడ నేర్చుకున్న హిందీలో చెప్పాడు. ఇది కుట్టింది ఈ బిడ్డే, తప్పు పట్టుకున్నది కూడా ఈ బిడ్డే, పది నిమిషాలు కూర్చోండి సాబ్ అని.

ఆ రోజు దాకా నా పని ఎవరిదని ఏ గిరాకీకీ తెలియదు.

ఇంజినీరు కూర్చోలేదు. కారు రెండుసార్లు హారన్ కొట్టింది. చివరి అంకె కుట్టి దారం తెంపాక, ఆయన జెండాను బల్ల మీద పరిచి ఒక్కో ఏటి మీద వేలు పెట్టి తన భాషలో చదివాడు. చదివిన ప్రతిసారీ కాగితం చూశాడు. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో దాని దగ్గర వేలు ఆగిపోయింది. నేను రెండు అంకెలు మార్చింది దానికే. ఆయన కాగితం చూశాడు, మళ్లీ జెండా చూశాడు. తర్వాత కాగితాన్ని మడిచి, ఇక దీనితో పని లేదన్నట్టు మిషన్ మీదే వదిలేశాడు. జెండాను పెట్టెలో పెట్టలేదు. భుజాల మీద కప్పుకుని కారెక్కాడు.

పెద్దబాపు వెనకే రోడ్డు మీదికి వెళ్లాడు. కారు మలుపు దగ్గర ఆగినప్పుడు ఇంజినీరు కిటికీలోంచి ఏదో అరిచాడు. బదులు చెప్పడానికి పెద్దబాపుకు వీలు లేకపోయింది. చివరి అంకెల తొందరలో పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి. కారు కనబడకుండా పోయేదాకా, ఎండలో నిలబడి, మాట లేకుండా చెయ్యి ఎత్తే ఉంచాడు.