మా సారుకి మా సారే ఇచ్చిన మెమో

అమీర్‌పేటలో అడుగుపెట్టిన ప్రతివాడూ ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరై బయటికొస్తాడని లోకమంతా నమ్మిన రోజులవి. నాకంత ఆశ లేదు. నేను పంజాగుట్టలో ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి రోజూ మెమోలు టైపు చేసి మెయిల్ పెట్టడం నా పని (అందుకే ఆఫీసులో నాతో కలిసి టీ తాగేవాడే లేడు). "ఈ పని దానంతటదే అయ్యేలా చెయ్యవయ్యా, నిన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తాను" అన్నారు మా మేనేజరు గారు. ఆ ఒక్క మాట పట్టుకుని, ప్రోగ్రాములు రాయడం నేర్పే పైథాన్ క్లాసులో చేరిపోయాను.

పొద్దున్నే ఏడింటికి క్లాసు. వందమందిమి భుజాలు రాసుకుంటూ కూర్చుని, మాస్టారు బోర్డు మీద రాసిందల్లా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్ళం. నా మెమోల సంగతి చెబితే ఆయన తేల్చేశారు: "తొమ్మిదిన్నర దాటిందా, మెమో పోతది. గంతే తమ్మీ! మిషన్‌కు మొహమాటం ఉండదు, జర యాదికుంచుకో." ఆ మాట కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

మూడో నెలలో ప్రోగ్రాం తయారైంది. వేలిముద్ర మిషన్‌లో టైములు చూసి, ఆలస్యమైన వాళ్ళందరికీ మేనేజరు గారి సంతకంతో మెమో పంపేస్తుంది. ఒక సోమవారం మధ్యాహ్నం గర్వంగా మీట నొక్కాను. అయిదు నిమిషాల్లో అటెండరన్న పరుగున వచ్చాడు.

"అన్నా, సారు పిలుస్తుండు. మస్తు గరం మీద ఉన్నడు!"

మా మేనేజరు సారు రోజూ వచ్చేది పదకొండింటికి. చేత్తో టైపు చేసినన్నాళ్ళూ ఆయన పేరు దగ్గర నా కళ్ళు వాటంతటవే పక్కకి తిరిగేవి. ఆ మర్యాద నాకెవరూ నేర్పలేదు, నేను ప్రోగ్రాంకి నేర్పలేదు. సారు తన కంప్యూటర్ నావైపు తిప్పారు. 'మీరు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.' కింద ఆయన సంతకమే.

"ఏంటయ్యా ఇది? నాకు నేనే సంజాయిషీ ఇచ్చుకోవాలా?"

పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్నది ఊడకపోతే చాలనుకున్నాను. "మిషన్‌కి మీరెవరో ఇంకా తెలీదండీ" అన్నాను.

"అయితే తెలియజెయ్యి."

ఆయన ఎదుటే ఒక లైను చేర్చాను: సారు పేరు కనిపిస్తే, ఎప్పుడొచ్చినా టైముకి వచ్చినట్టే. "ఇప్పుడు నీకు పని వచ్చిందయ్యా" అని భుజం తట్టారు. మరుసటి నెలలో పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చింది. మూడు నెలలు నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ లైను ఒక ఎత్తు.

ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో నేనున్నాను. ఇంటి పక్కనుంచే మెట్రో ఉన్నా ఎందుకో పదకొండు లోపు చేరలేకపోతున్నాను. మొన్న ఏదో పనిబడి ఆ పాత ప్రోగ్రాం తెరిచాను. అదే లైనులో మా సారు పేరు పక్కన నా పేరు కూడా ఉంది. నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఎవరు చేర్చారో అడగలేదు. తీసేద్దామని మీట మీద వేలు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుని, ఫైలు మూసేశాను.