వాకిట్లో అనే మాట

ఫిబ్రవరి పదహారు, శనివారం. అడగకుండా సెలవిచ్చే అలవాటు మా హాస్టలు వార్డెనుకు లేదు. ఈ పొద్దున ఆయనే నా గదికి వచ్చి, "పులివెందులకు పో అబ్బీ, చదువు తర్వాత" అన్నాడు. పది రోజులుగా జ్వరంతో ఉన్న మా మేనత్త పోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడ బస్సు మారి పులివెందుల. నేను చేరేసరికి అంతా అయిపోయింది. అత్త ముఖం చూడలేదు.

పోయినవాళ్లను విసుక్కోకూడదంటారు. కానీ మా అత్తను తలచుకుంటే ముందు విసుగే వస్తుంది. నా చిన్ననాటి చదువంతా ఆమె ఇంట్లోనే సాగింది. హాస్టల్లో చేరినాక కూడా సెలవొస్తే అక్కడికే పోయేవాణ్ణి. పోవడం సులభమే. తిరిగి రావడమే కష్టం.

"పోతాండా అత్తా."

"పోతాండా అనగూడదు. పోయొస్తా అను."

"పోయొస్తా."

"ఏం తొందర? ఊరిబిండి నూరతాండా, రెండు ముద్దలు తిని పో."

అట్లా ఎన్ని బస్సులు తప్పిపోయాయో. ఒకసారి ఆమే బస్టాండుకు పోయి బండిని ఆపింది. "ఆగప్పా, మా పిల్లోడు అన్నం తింటాండాడు" అంది. డ్రైవరు తల పట్టుకుని, "నీ మేనల్లుడు తినేదాకా జమ్మలమడుగు యాడికీ పోదులేమ్మా, ఈ జనం పోవాల గదా" అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆమె మాత్రం అందరికీ శెనక్కాయలు పంచింది.

పోయిన ఏడు నాకు ఒక మాట దొరికింది: ఆదియోస్. పాత పుస్తకాల అంగడిలో ఒక నవల అట్ట మీద చూశాను. తర్వాత గ్రామఫోను రికార్డు మీద, ఆ తర్వాత ఇంగ్లీషు పత్రికలో సినిమా ప్రకటన మీద. ఇంతమంది పేరుగా పెట్టుకున్న మాటేమిటని మా ఇంగ్లీషు అయ్యవారిని అడిగాను. స్పెయిన్ వాళ్లు సెలవు తీసుకునేటప్పుడు అంటారని చెప్పాడు. నా మొదటి కథకు అదే పేరు పెట్టాలనుకుని, ముందు అత్త మీద ప్రయోగించాను.

"ఆదియోస్, అత్తా."

"ఏందిరా, వాంతొస్తాందా?"

"స్పెయినోళ్ల మాట. నిన్ను దేవునికి అప్పజెప్తాండా అని."

ఆమె రోకలి పక్కన పెట్టింది. "దేవునికెందుకు? నేను లేనా? ఆయప్పకు శానా మంది ఉండారు, నిన్నెప్పుడు చూస్తాడు? మళ్లొస్తామని ఆ మాటలో యాడన్నా ఉందా?"

లేదన్నాను.

"అయితే అది పుస్తకాలకే పెట్టుకోమను. వాకిట్లో అనే మాట కాదు."

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. కథ పేరు కొట్టేశాను. కొత్త పేరు ఇప్పటికీ దొరకలేదు.

సోమవారం పరీక్ష ఉంది. అందుకని మధ్యాహ్నం సంచి తీసుకుని, అలవాటు కొద్దీ "మామా, పోయొ..." అన్నాను. నాకంటే ముందే వచ్చిన మా అమ్మ చేత్తో నా నోరు మూసింది. "చావింట్లో ఆ మాటనగూడదు. చెప్పకుండా పో."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఆ మాట అనందే గడప దాటనివ్వని ఇల్లు, ఇప్పుడు ఆ మాటే అనవద్దంటుంది. అనకుండా పోతే మళ్లీ రానని చెప్పినట్టే కదా, అదీ మామ ఒక్కడే మిగిలిన ఇంటికి. కాలు కదల్లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. వీధి చివర బస్సు హారను కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

చాలాసేపటికి మామ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బస్సు పాయనా?"

"పాయ మామా."

"మీ అత్త పోనియ్యదులే." తర్వాత నా వైపు చూడకుండానే, "రేపు బస్టాండు దాకా నేనొస్తా. ఈడ అనగూడదు గానీ ఆడ అనొచ్చు" అన్నాడు.

రేపు పొద్దున మొదటి బస్సుకు పోతాను. డ్రైవరు ఎంత తొందరపెట్టినా సరే, మామ ఎదుట నిలబడి, ఆయనకు బాగా వినబడేటట్టు ఆ మాట అన్నాకే బస్సెక్కుతాను.