ఆమోసు మడుగు

ఆమోసు బెల్లంపల్లి బొగ్గుగని నుంచి గోదావరిఖనికి బదిలీ అయి వచ్చింది అరవై నాలుగులో. ఆ ఏడే ఒక ప్లేడే నాడు, గని సెలవు కదా అని, గొడ్డలి కామకు మంచి కర్ర వెతుక్కుంటూ రామగిరి గుట్టల్లోకి పోయి దారి తప్పాడు. తిరిగి తిరిగి ఒక లోయలోకి దిగితే, ముందుకు వంగిన పెద్ద బండ కింద నీళ్ల మడుగు కనిపించింది. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేట నీళ్లు. ఆరు రోజులు భూమి కింద దుమ్ము మింగిన మనిషి, మెడ దాకా అందులో దిగి, పొద్దు వాలేదాకా కదల్లేదు.

అప్పటి నుంచి ఆయన ప్లేడే మడుగుదే. ప్రార్థనకు రావడం లేదేమని పాస్టరు అడిగితే తల గోక్కునేవాడు. భార్య సుసన్నాకు తప్ప ఆ చోటు గురించి ఎవరికీ చెప్పలేదు.

గనిలో ఆమోసు పని కప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం. ఆయనకు జతగాడు పోశం, పదేళ్లు చిన్నవాడు. డెబ్బై ఒకటిలో ఒకనాడు కప్పు కూలి పోశం నడుము దాకా బొగ్గులో కూరుకుపోయాడు. కాళ్లు బాగయ్యాయి గానీ నిద్ర దూరమైంది. కళ్లు మూస్తే కప్పు మీద పడుతున్నట్టే ఉండేది. డ్యూటీకి వచ్చి వణుకుతూ నిలబడేవాడు. చూడలేక ఆమోసు అతన్ని సైకిల్ మీద మడుగుకు తీసుకుపోయాడు. స్నానం చేసి బండ నీడన ఒరిగిన పోశం, నెలల తర్వాత మొదటిసారి గురక పెట్టాడు.

ఎవరికీ చెప్పొద్దని ఆమోసు మాట తీసుకున్నాడు. పోశం ఆరు నెలలు ఆగి, ఆ తర్వాత తన షిఫ్టువాళ్లను వెంట తెచ్చాడు. ఆమోసు నిలదీస్తే తల దించుకోలేదు.

"నాకు పానం లేచొచ్చిన జాగ అన్నా. మనోళ్లకు చూపెట్టకుంటే ఎట్ల?"

డెబ్బై ఐదు నాటికి ప్రతి ఆదివారం లారీలు వచ్చేవి. బండ కింద పొయ్యిలు, మేకలు కోయడం, సారా సీసాలు. జనం దానికి ఆమోసు మడుగు అని పేరు కూడా పెట్టారు. కాలనీ గడప దాటని ఆడవాళ్లు నీళ్లలో కాళ్లు పెట్టుకుని నవ్వుతుంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది. మరుక్షణమే నీళ్ల మీద తేలే నూనె తెట్టు చూసి ఒళ్లు మండేది. కూర్చోవడానికి చోటు దొరక్క, అందరి మీదా కసురుకునేవాడు. ఆయన సణుగుడు కాలనీ అంతా ఎరిగిందే.

ఆ ఏడు వానాకాలం మొదట్లో, పొగకు నల్లబడిన ఆ బండను ఆమోసు అలవాటుగా కర్రతో తట్టాడు. గనిలో చెడిన కప్పు పలికినట్టే డొల్లగా పలికింది. వెనకవైపు వేలు దూరేంత పగులు ఉంది. బండ నిలవదని చెప్పి, పొయ్యిలు తీసి అందరినీ పక్కకు పొమ్మన్నాడు. ముసలాయనకు మడుగు మొత్తం తనకే కావాలట అని ఎవరో నవ్వారు. ఆమోసు పోశం వైపు చూశాడు.

"నీ మనసుల ఏమున్నదో నాకెరుకే అన్నా. జనం రావుడు నీకు పడతలేదు. గిది గని కాదు."

ఆ మాటలో అబద్ధం లేదు. తను విన్నది బండ చప్పుడేనా, లేక తన కోరికా అని ఆయనకే అనుమానం వచ్చింది. సైకిలెక్కి వచ్చేశాడు. మర్నాటి నుంచి గనిలో ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ పై ఆదివారం ఆయన మడుగుకు పోలేదు.

ఆ తర్వాతి ఆదివారం, రెండు రోజుల ముసురు తెరిపిచ్చాక, మిట్టమధ్యాహ్నం బండ కూలింది. ముగ్గురు దాని కింద చిక్కుకున్నారు. బండ లేపే పని తెలిసినవాడు కావాలని అక్కడివాళ్లు లారీ పంపిస్తే, ఆమోసు దుంగలతో వెళ్లి, ఒక్కొక్కటే ఆనించి బండను ఎత్తించాడు. ఇద్దరిని తీశాక మూడోవాడు పోశం. ముగ్గురిలో ఎవరూ బతికి లేరు.

దినాలయ్యాక ఆమోసు, పోశం భార్య సమ్మవ్వ దగ్గరికి పోయాడు. ఆమె చాప వేసింది, మంచినీళ్లు ఇచ్చింది.

"నువ్వు చెప్పినవట గద బావా. ఆయన ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు, ఆమోసన్నకు కుళ్లు అని."

ఆమోసు గ్లాసు కింద పెట్టాడు.

"కుళ్లు ఉండె సమ్మవ్వా. పగులు గూడ ఉండె. నేను రెండోపారి చెప్పలే."

ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుని, ఇక తన ఇంటికి రావద్దని మెల్లగా చెప్పింది. ఆయన సరేనని లేచాడు.

మడుగుకు జనం పోవడం మానేశారు. నీళ్లు మళ్లీ తేటబడ్డాయని మేకల కాపరులు చెప్పారు. కావాలంటే ఆ చోటు ఇప్పుడు ఆమోసు ఒక్కడిదే. ఆయన మాత్రం పోలేదు. డెబ్బై ఎనిమిదిలో ఊపిరితిత్తులు చెడాయని గని ఆయన్ను పనిలోంచి దింపేసింది. సుసన్నాతో బెల్లంపల్లి తిరుగు ప్రయాణమైన రోజు, బస్సులో పక్కనున్నవాళ్లు ఆదివారాలు గడపడానికి వాగు ఒడ్డున కొత్త చోటు దొరికిందని, బాగుందని చెప్పుకుంటున్నారు. అది ఎక్కడని ఆమోసు అడగలేదు.