మిర్కాబ్ అమెరికన్ బూట్లు, మస్తాన్ పెట్టిన ఒట్టు

ఒక మనిషి ప్రాణం కోసం మీరు దేవుడి మీద అబద్ధపు ఒట్టు పెడతారా? పాస్టరుగా ఊరూరా తిరిగి అబద్ధికులను ఎండగట్టే నేను, కువైట్‌లో ఒక శుక్రవారం ఈ ప్రశ్నకు ఎదురుపడ్డాను.

ప్రార్థన కూటాలకు పిలిస్తే వెళ్లి, సబా అల్ సలేంలో రాయచోటి రెడ్డెప్ప గదిలో దిగాను. అతను ఒక ఇంట్లో డ్రైవరు. అతనే చెప్పాడు: ఇంకా పెద్ద మేడలు లేని కాలంలో ఒక అమెరికన్ వచ్చి కువైట్ నగరంలోని మిర్కాబ్‌లో స్థిరపడి నీటి పంపులు అమ్మాడట. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకుని అమెరికన్ల కోసం ఇల్లిల్లూ గాలించినా అతను దొరకలేదట.

"ఎవరు దాచారు?"

"ఆయన కొట్లో పనిచేసిన మస్తాన్ భాయ్‌కి తెలుసంటారు. అడిగితే నోరిప్పడు. ఇఖామా, అదే ఈడ ఉండే పర్మిట్టు, ఖలాస్ అయిపోయింది, ఆదివారం ఊరికి పోతాండాడు."

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు శుక్రవారం, ముందు ఆ కొట్టు చూద్దామని ఉదయం ఏడింటికి బస్సెక్కాం. మనిషికి మూడొందల ఫిల్సు, ముప్పావుగంట ప్రయాణం. మిర్కాబ్‌లో సెలవు రోజు కాబట్టి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. నీడలో కుర్చీ వేసుకున్న కువైటీ పెద్దాయన పంపుల కొట్టు ఉండిన చోట ఇప్పుడున్న ఫోన్ల కొట్టు వైపు చెయ్యి చూపించాడు. ఆయన అరబీని రెడ్డెప్ప తెలుగు చేశాడు: "పంపు అమ్మి ఊరుకునే రకం కాదంట. ఇంటికొచ్చి, కొళాయిలో నీళ్లు పడేదాకా కదలడంట. సైన్యమొచ్చినప్పుడు ఏమైనాడో ఈయనకూ తెలీదంట."

అక్కడి నుంచి రెండున్నర దినార్లకు టాక్సీలో అల్ రాయ్ చేరేసరికి తొమ్మిది దాటింది. ఒక గోదాముకు కాపలా ఉండే మస్తాన్ అప్పటికే పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. వచ్చిన పని చెబితే, పాలు లేని సులైమానీ టీ పోశాడు.

"పాస్టరయ్యా, నువ్వు గ్రంథం తెలిసినోడివి. చెప్తా విను, మళ్లా ఒకటి అడుగుతా" అన్నాడు.

"ఆ అమెరికా దొర కొట్లో మేం ముగ్గురం రాయచోటోళ్లం. సైన్యం రాంగానే ఆయన్ను మా గదికి తెచ్చుకొంటిమి. తినే చోటికి బూట్లేందని బయట ఇడిపిస్తిమి. మనిషిని బియ్యం మూటలెనక దాస్తిమి గానీ, బూట్లు గడప బయటే మర్సిపోతిమి!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది భాయ్" అన్నాడు రెడ్డెప్ప.

"ఉండు రా! సిపాయి ఒకడు మెట్లెక్కి వచ్చి, ఎవరియ్యని అడిగె. నావే, వల్లాహి, దేవుడి మీద ఒట్టు అంటి. తొడుక్కోమనె. ఒక్కో దాంట్లో నా రెండు కాళ్లు పడతాయి! ఈడుస్తా నాలుగడుగులేస్తి. వాడు నగి, తన చిరిగిన బూట్లు ఆడనే ఇడిసి, దొర బూట్లు ఏసుకుని పాయె."

"దొర ఏమన్నాడు?"

"'అవి కొత్త బూట్లు రా మస్తాన్' అన్యాడు."

ముగ్గురం నవ్వాం. మస్తాన్ మాత్రం వెంటనే ఆగిపోయాడు. "దేవుడి మీద దొంగ ఒట్టు పెడితినే, అయ్యా. అందుకని ఇంట్లో ఎవ్వరికీ చెప్పల్యా. ఏటా మూడు దినాలు ఉపాసముంటా. దేవుడు నన్ను మన్నిస్తాడా?"

సంచిలోంచి బైబిలు తీశాను. మిద్దె మీద జనుపకట్టెల కింద ఇద్దరు వేగులవాళ్లను దాచి, రాజు మనుషులను వేరే దారి పట్టించిన స్త్రీ కథ చదివి వినిపించాను.

"ఆమె ఒట్టేసిందా?" అన్నాడు.

వెతికాను. లేదు.

"భాయ్, నీ ఒట్టు ఒప్పని నేను చెప్పలేను. నీ ఉపవాసాలు ఆయనకు తెలుసు. కానీ తప్పును తలుచుకుని ఆ మేలు కూడా దాచేశావు. నీ పిల్లలకు రెండూ తెలియాలి" అన్నాను.

"ఆదివారం ఊరికి పోతా గదా, అప్పుడు చెప్తా."

"ఇప్పుడే చెయ్ భాయ్" అని రెడ్డెప్ప ఫోను చేతిలో పెట్టాడు.

"ఏం అబ్బాజాన్, టికెట్ మళ్లీ మార్చినారా?" కూతురి గొంతు.

"లేదు బేటీ. కూచో. ఒక మాట చెప్పాల."

మేమిద్దరం బయటికి వచ్చేశాం.

ఊరు గుర్తు పెట్టుకున్న వర్తకుడి వెనక, ఊరికి తెలియని పనివాళ్లు ముగ్గురున్నారు. వాక్యంతో తీర్పు చెప్పడమే ఇన్నాళ్లూ నా పని. ఆ రోజు వినడం నేర్చుకున్నాను. మీరూ వెళ్తే శుక్రవారం పొద్దున్నే వెళ్లండి. పనివాళ్లకు తీరిక, కానీ మధ్యాహ్నం జుమా నమాజు వేళకు ముందే మాటలు ముగించాలి.

అయితే కువైట్ దాకా ఎందుకు? గల్ఫ్‌లో ఏళ్లు గడిపి నోరు మూసుకున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడేమో! రేపు అనకండి. లేవండి, ఈ రోజే పక్కన కూర్చుని అడగండి!