బెర్నడీన్ బల్ల దగ్గరికి రానివాళ్ళు

బెర్నడీన్ హుడాక్ లెక్కలో ముసలివాళ్ళు రెండు రకాలు. వేసుకునే మందు సీసాలన్నీ సంచిలో వేసుకుని వచ్చేవాళ్ళు ఒక రకం. టీవీ బీమా ప్రకటనలో టోపీ పెట్టుకున్నవాడు చెప్పింది నమ్మి వట్టి చేతులతో వచ్చేవాళ్ళు రెండో రకం. మొదటివాళ్ళని కాస్త భరించేది. రెండోవాళ్ళని చూస్తే ముక్కు చిట్లించేది, అదీ వాళ్ళకి కనబడేలా.

ఊళ్ళో ఆసుపత్రి ఉన్నన్నాళ్ళూ ఆమె అక్కడ బిల్లుల కిటికీ దగ్గర కూచుంది. ఆసుపత్రి మూసేశాక, ఉక్కు మిల్లు ఎప్పుడో మూసేసిన ఆ పెన్సిల్వేనియా నదీతీరపు ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళూ వాళ్ళ జబ్బులే కాబట్టి, వృద్ధులు కాలక్షేపానికి చేరే సీనియర్ సెంటర్లో ఆరోగ్య బీమాకి ఉచిత సలహాదారుగా చేరింది. పేకాట గదికీ వంటగదికీ మధ్య ఆమెకో బల్ల వేశారు. వృద్ధులకి సర్కారువారి బీమా మెడికేర్ ఎలాగూ ఉంటుంది. దానికి తోడు మందుల ప్లాన్ ఒకటి విడిగా తీసుకోవాలి, లేదంటే మొత్తం తీసుకెళ్ళి ఏదో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టాలి. ప్లాన్ మార్చుకునే గడువు ఏటా ఆకులు రాలేటప్పుడు వస్తుంది. ఆకులతో పాటు ఏజెంట్లూ రాలతారని బెర్నడీన్ అనేది.

"ఏ ప్లాన్ మంచిదమ్మా?" అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "ఏ చెప్పు మంచిదంటే ఏం చెప్పను? ముందు కాలు చూపించు."

స్టాన్ వ్రాబెల్ అనే పెద్దమనిషి ఒకసారి మందుల సంచి తెచ్చాడు. అందులో సగం దగ్గు బిళ్ళలు, ఒక సీసా చచ్చిపోయిన ఆయన కుక్కది.

"తక్కినవి ఏవి?" అంది బెర్నడీన్.

"అవి నాకు నచ్చవు. అందుకే తేలేదు."

"నీకు నచ్చినవాటికి కాదు స్టాన్, నువ్వు వేసుకునేవాటికి ప్లాన్ వెతుకుతాం. ఇంటికెళ్ళి తీసుకురా. కుక్కని లేపకు."

మంచి సలహాయే కానీ చేదుగా ఇచ్చేది. జనం వచ్చేవారు, వింటూ నొచ్చుకునేవారు, పని అయ్యాక పక్కగదిలో పేక ముక్కలు పంచుతూ ఆమెని తిట్టుకునేవారు. ఆమెకది తెలుసు. తెలిసి కూడా గొంతు మార్చలేదు. గొంతు తియ్యగా ఉన్నవాళ్ళు ఏం చేస్తారో బిల్లుల కిటికీలోంచి చాలా చూసింది.

అలాంటి తియ్యటి గొంతు ఆ ఏడు డ్వేన్ లాఫర్టీ రూపంలో దిగింది. మెరిసే పళ్ళు, గులాబీరంగు చొక్కా. ఎనభై ఏళ్ళ ఆడవాళ్ళని "అమ్మాయిలూ" అని పిలిచే అలవాటు. పేరులో బంగారం ఉన్న ఒక ప్రైవేటు కంపెనీ ప్లాన్ అమ్మేవాడు. ఫైర్ స్టేషన్ హాల్లో సభ పెట్టాడు. అమ్మకం సభలో భోజనం పెట్టకూడదని రూలు. ఆపిల్ పండ్లు కూరి కాల్చిన తీపి రొట్టె, 'పై' అంటారు, దాని ముక్క పెట్టొచ్చు. ఒక్కొక్కరికీ మూడేసి ముక్కలు పెడితే అది భోజనం కాదని డ్వేన్ లెక్క, జనం కూడా ఆ లెక్కే ఒప్పుకున్నారు.

బెర్నడీన్ కూడా వెళ్ళింది. పై ముట్టుకోలేదు. వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ముందు వరసలో ఆమె చెల్లెలు టిల్లీ కూచుని, మీగడ పెదాలకి అంటించుకుని నవ్వుతోంది. టిల్లీ భర్త పోయి ఏడాది కాలేదు. ఆ ఏడాదిలో ఆమె మొహం మీద నవ్వు చూడటం బెర్నడీన్‌కి అదే మొదటిసారి. ఆ నవ్వు తెప్పించినవాడు డ్వేన్ లాఫర్టీ కావడం ఆమెకి కారం రాసినట్టయింది.

"మీ డాక్టర్లు మీకుంటారు అమ్మాయిలూ, మీ మందులు మీకుంటాయి. పైగా పళ్ళకి, కళ్ళకి అన్నీ ఉచితం," అంటున్నాడు డ్వేన్.

"బాబూ," అంది బెర్నడీన్ వెనకనించి. "మా చెల్లెలు టిల్లీది గుండె జబ్బు. నీరు పడుతుంది. రోజూ వేసుకునే మందు ఒకటుంది. అది మీ ప్లాన్ ఇస్తుందా ఇవ్వదా? ఒక్క ముక్కలో చెప్పు."

హాలంతా టిల్లీ వైపు తిరిగింది. ఆమె చెంచా కింద పెట్టింది.

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు డ్వేన్, పళ్ళు ఇంకాస్త మెరిపించి. "అది మనం విడిగా మాట్లాడుకుందాం."

"విడిగా ఎందుకు? ఇచ్చేది అయితే మైకులో చెప్పేవాడివిగా."

"కూర్చో బెర్నడీన్," అన్నాడు స్టాన్ నోటినిండా పైతో. "నీ బల్ల దగ్గర ఏడాదంతా తిట్లు తింటున్నాం. ఒక్కరోజు తీపి తిననీ."

అందరూ నవ్వారు. టిల్లీ నవ్వలేదు. బయట కార్లు ఆపేచోట అక్కని పట్టుకుంది.

"నా కాళ్ళకి నీరు పడుతుందని ఊరందరికీ చాటావు."

"వాడు నిన్ను ముంచుతున్నాడే."

"వాడు నన్ను ఎలా ఉన్నారని అడిగాడక్కా. నువ్వు అడిగి ఎన్నాళ్ళయింది?" అని, టిల్లీ మళ్ళీ లోపలికెళ్ళి సంతకం పెట్టేసింది. ప్లాన్ నచ్చి కాదు, అక్క మీద కోపంతో.

కొత్త సంవత్సరం వచ్చేసరికి బెర్నడీన్ బల్ల ముందు వరస కట్టారు, పై తిన్నవాళ్ళందరూ. స్టాన్ ఊపిరితిత్తుల డాక్టరు నది అవతల ఉంటాడు. బంగారు ప్లాన్‌కి నది దాటడం చేతకాదు. ఒకావిడకి ఉచిత పళ్ళ డాక్టరు దొరికాడు, రెండు జిల్లాల అవతల. "పై ఎలా ఉంది?" అని ఒక్కొక్కరినీ అడిగి, జవాబు చెప్పేదాకా ఆగి, అప్పుడు కాగితాలు తీసుకునేది బెర్నడీన్. డ్వేన్‌కి ఫోన్ చేస్తే గంట మోగుతుంది గానీ మనిషి పలకడు.

టిల్లీ మాత్రం రాలేదు. బాగానే ఉందనుకుంది బెర్నడీన్. తను వెళ్ళి అడగలేదు. అడిగితే తనే తగ్గినట్టవుతుందని.

మార్చిలో, ఈస్టరుకి ముందు మాంసం మాని చేపలు తినే ఉపవాస దినాల శుక్రవారం, చర్చి నేలమాళిగలో చేపల వేపుడు. సగం మెట్లు దిగి, రెయిలింగు పట్టుకుని, ఎవరి కోసమో చూస్తున్నట్టు నటిస్తూ ఆగిపోయింది టిల్లీ. చేపలు అందిస్తున్న బెర్నడీన్ గరిట వదిలేసి వచ్చింది. చెల్లెలి చీలమండలు బూట్ల మీదుగా పొంగి ఉన్నాయి.

"మందు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

"టిల్లీ."

"సగం వేసుకుంటున్నా. పాత సీసాలో మిగిలినవి. వీళ్ళు అదివ్వరట. ముందు వాళ్ళు చెప్పిన చవక మందు వాడి చూడాలట. దానితో తగ్గకపోతే అప్పుడు అడగాలట."

అంటే ముందు కాస్త మునిగి చూపించు, తరవాత తాడు విసురుతాం అని. బెర్నడీన్ నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. దాంతో పాటు పై గురించి ఇంకోటి కూడా ఉంది. రెండూ మింగింది.

"నా దగ్గరికి ఎందుకు రాలేదే?"

"నీ దగ్గరికొస్తే ముందు ఒప్పుకోవాలిగా, నువ్వే రైటని. ఊపిరి ఆడకపోవడమే నయమనిపించింది."

ఆ పూట చేపలు ఎవరు అందించారో బెర్నడీన్‌కి తెలీదు. టిల్లీని కార్లో కూచోబెట్టుకుని సరాసరి డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన నీరు తీయడానికి పక్క ఊరి పెద్దాసుపత్రిలో చేర్పించాడు.

మంచం పక్క కుర్చీలో కూచునే ఫోన్లు మొదలుపెట్టింది. మార్చి నెలాఖరుదాకా ఆ ప్లాన్ వదిలి పాత మెడికేర్‌లోకి, విడి మందుల ప్లాన్‌లోకి తిరిగి రావచ్చు. ప్రైవేటు ప్లాన్‌లో చేరి మొదటిసారి మోసపోయిన ఏడాదిలోనే అయితే, మెడికేర్ ఇవ్వని ఖర్చులు భరించే పాత అనుబంధ పాలసీ కూడా దాని కంపెనీ తిరిగి ఇచ్చి తీరాలి. ఆ సంగతి కంపెనీ అమ్మాయికి తెలుసు, బెర్నడీన్‌కీ తెలుసు. తెలిసినవాళ్ళిద్దరి మధ్యా ఫోన్ సంగీతం గంటలు గంటలు మోగింది.

"మీ ఓపికకి ధన్యవాదాలమ్మా," అంది ఆ అమ్మాయి.

"నాకు ఓపిక లేదు తల్లీ. ఉన్నదంతా పౌరుషమే. రాసుకో."

దిండుకి ఆనుకుని టిల్లీ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వింది. ఏప్రిల్ మొదటి తారీఖునించి ఆమె మందు ఆమెకి వచ్చింది. వేసవికల్లా మెట్లు ఆగకుండా దిగింది. ఉచిత పళ్ళ డాక్టరు పోయాడని మాత్రం చాలాకాలం సణిగింది.

డ్వేన్ మీద బెర్నడీన్ సర్కారుకి ఫిర్యాదు రాసి పంపింది. "అందింది" అని జవాబొచ్చింది, అంతే. ఆ శరత్తులో అతను మళ్ళీ ఫైర్ స్టేషన్ హాల్లో సభ పెట్టాడు, ఈసారి గుమ్మడికాయ పైతో. హాలు మళ్ళీ నిండింది. స్టాన్ ముందు వరసలో కూచున్నాడు. తినడానికే వచ్చానని, సంతకం పెట్టనని ప్రమాణం చేశాడు. బెర్నడీన్ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. రెండు వారాల తర్వాత ఆయన మళ్ళీ ఆమె ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు బెర్నడీన్ బల్లకి ముందు ఇంకో చిన్న బల్ల ఉంది. టిల్లీ అక్కడ కూచుంటుంది. వచ్చినవాళ్ళని ఎలా ఉన్నారని అడుగుతుంది, కాఫీ పోస్తుంది, సంచీలో సీసాలు అన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది. తరవాత వెనక బల్ల దగ్గరికి పంపుతూ చెబుతుంది.

"మా అక్క తిడుతుంది. మాట్లాడకుండా పడండి. మందు మాత్రం వస్తుంది."