దండ వేసిన ఫోటో

చిన్నప్పుడు మా అమ్మ నన్ను వాగుడుకాయ అనేది. ఏదైనా తెలిసిందంటే నలుగురికీ చెప్పేదాకా నాకు కాలు నిలవదు. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరగానే, తొమ్మిదో తరగతి పిల్లలతో బ్లాగు మొదలుపెట్టింది కూడా ఆ గుణం వల్లే. మాది కొడవలూరు. వరి తెలుసు గాని సముద్రం తెలియదు. మీ ఇళ్ల సంగతులు మీరే రాయండి, నేను నేర్చుకుంటానని చెప్పి ఒక్కొక్కరికీ ఒక లాగిన్ ఇచ్చాను.

అందరికంటే ఎక్కువ రాసింది పాళెం అని పిలిచే జాలర్ల పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి. ఏం మొదలుపెట్టినా వాళ్ల నాన్న దగ్గరికే వచ్చి ఆగేది. వల బాగుచేసేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడట. చదువు రాదు కాబట్టి, తన గురించి కూతురు రాసిందంతా ఫోన్లో చదివించుకుని వినేవాడట. ఒకసారి పేరెంట్స్ మీటింగుకు వచ్చి, నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, పాప రాసేది ఊళ్లోవాళ్లంతా చూస్తారా అని అడిగాడు. ప్రపంచమంతా చూస్తుందన్నాను. నవ్వాడు. అప్పుడే ఆయన ఫోటో తీశాను.

ఆ నవంబరు గాలివానలో పాళెం పడవలన్నీ తిరిగొచ్చాయి, ఆయనది తప్ప. మూడు రోజులు వెతికారు. నాలుగో రోజు పొద్దున నేను స్టాఫ్ రూములో కూర్చుని, ఆ నవ్వుతున్న ఫోటోకు ఒక యాప్‌లో దండ వేసి, కింద దీపం అతికించి, ఆయన ఆత్మకు శాంతి కలగాలని రాసి బ్లాగులో పెట్టాను. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకూ పంపాను. పది నిమిషాల్లో నమస్కారాల బొమ్మలు వరసకట్టాయి. ఎంతమంది పెట్టారో చూసుకున్నాను కూడా. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శవం దొరకనిదే ఆ పాళెంలో గొంతెత్తి ఏడవరని నాకు తెలియదు. ఫోటోకు దండ వేయరు, భార్య బొట్టు తీయదు. ఏ ఒడ్డునో చేరి ఉంటాడని నెలల తరబడి ఎదురుచూస్తారు. నా పోస్టు చూసిన పెద్దలు, స్కూలు నుంచి వచ్చిందంటే గవర్నమెంటుకు కబురు అందినట్టేనని తేల్చేశారు. ఆ సాయంత్రమే కర్మలు మొదలయ్యాయి. సంగతి తెలిసి పోస్టు తీసేసి వాళ్లింటికి పరుగెత్తాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదని, నా అంతట నేనే రాశానని మొత్తుకున్నాను. అప్పటికే ఆయన భార్య నుదురు బోసిగా ఉంది. నన్ను కూర్చోమని చాప వేసింది.

రెండు వారాల తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. అందరూ వెళ్లాక నా బల్ల దగ్గర ఆగింది.

"మీరు ఆ ఫోటో పెట్టేదాకా మా అమ్మ రోజూ నాయనకి కంచం పెట్టేది టీచర్. ఇప్పుడు నేను పెడదామన్నా తిడతా ఉంది."

అంతమాత్రం చెప్పి వెళ్లిపోయింది. పదో తరగతి అయ్యేదాకా బ్లాగులో మళ్లీ ఒక్క ముక్క పెట్టలేదు.

ఆరేళ్లయింది. ఏటా నవంబరులో నా ఫోను తనంతట తనే ఆ దండ ఫోటోను పాత జ్ఞాపకమంటూ తెచ్చి చూపిస్తుంది. చూడలేను, చెరిపేయడానికి చెయ్యీ రాదు.

ఈమధ్య నాకు బదిలీ అయింది. వెళ్లేముందు బ్లాగు మూసేద్దామని తెరిస్తే, పబ్లిష్ చేయకుండా దాచుకున్న రాత ఒకటి కనిపించింది. పైన ఆ అమ్మాయి పేరే ఉంది. తను ఇప్పుడు సూళ్లూరుపేటలో ఏదో కంపెనీలో పనిచేస్తోందని విన్నాను. రాతకు పెట్టిన పేరు 'నాయన వచ్చినాడు'. లోపల మూడే వాక్యాలు.

"నాయన తల బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఇంత పెద్దదానివి అయినావా అన్నాడు."

రాత మొదలైన తేదీ ఆ గాలివాన ఏడాదిదే, చివరిసారి మార్చింది మొన్న ఆదివారం.

తనతో పాటు ఆయనకూ వయసు పెంచుకుంటూ, పబ్లిష్ నొక్కే రోజు కోసం ఆ పిల్ల ఇంకా కాచుకునే ఉంది. బ్లాగు తొలగించే బటన్ మీద నుంచి వేలు తీసేశాను. ఆ ఇంట్లో ఆయన్ని ఒకసారి నేనే చంపాను. మిగిలిన ఈ ఒక్క చోటైనా ఆయన్ని బతకనివ్వాలి.